ఒంగోలు నుంచి క్రిస్మస్

2022లో క్రిస్మస్ ఆదివారం వచ్చింది. బ్యాంకు ఉద్యోగికి అంతకన్నా అన్యాయం ఏముంటుంది! రావలసిన సెలవు కాస్తా ఆదివారంలో కలిసిపోయింది. ముందురోజు నాలుగో శనివారం కావడం ఒక్కటే ఊరట. ఆ రెండు రోజులూ గుంటూరులో మా ఇంట్లోనే ఉంటామని ఒంగోలు నుంచి అత్తమామలు ఫోను చేశారు. పండక్కి అల్లుడు అత్తవారింటికి వెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చోవడం లోకరీతి. నా విషయంలో అది తిరగబడింది. అరిసెల డబ్బా, గులాబీపువ్వుల డబ్బా మాత్రం ఆనవాయితీ ప్రకారం వాళ్ళ వెంటే వచ్చాయి.

మామయ్యగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పైగా బాప్టిస్టు. మాది లూథరన్ కుటుంబం. బయటివాళ్ళకు అందరూ క్రైస్తవులే కదా అనిపిస్తుంది కానీ ఇంట్లో సంగతి వేరు. చంటిబిడ్డ నెత్తిన నీళ్ళు చల్లితే అది బాప్తిస్మమే కాదని ఆయన, ఎందుకు కాదని మా నాన్న, పెళ్ళిచూపుల నాడే గంటసేపు వాదించుకున్నారు. కాఫీలు చల్లారిపోయాయి. ఎలాగో సంబంధం మాత్రం కుదిరింది.

శనివారం కారులో తిప్పుకొద్దామని నేను పెద్ద పథకమే వేశాను. ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ, గుణదల కొండ, చివర్లో బీసెంట్ రోడ్డులో బట్టలు.

ఉండవల్లిలో మామయ్యగారు కారు దిగి, నాలుగు అంతస్తులుగా తొలిచిన ఆ కొండను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, చెట్టు నీడన కూర్చున్నారు. "లోపల అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. ఇవన్నీ పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పాను, ఇప్పుడు కొత్తగా చూసేదేముంది? మీరు వెళ్ళి రండి" అన్నారు. మాస్టార్లకు ఆ ధీమా ఉంటుందిలే అనుకున్నాను.

బ్యారేజీ మీదికి రాగానే హుషారు వచ్చింది. కారు అద్దం దించి కృష్ణను చూస్తూ, 1957లో పూర్తయిందనీ, అంతకు వందేళ్ళ ముందే కాటన్ దొర కాలంలో ఇక్కడ ఆనకట్ట ఉండేదనీ మా పిల్లకు పాఠం మొదలుపెట్టారు. "పేరు చూడు, టంగుటూరి ప్రకాశం! మా ఒంగోలు వాడు. మీ గుంటూరు వాళ్ళూ ఈ బెజవాడ వాళ్ళూ రోజూ ఆయన మీదుగానే తిరుగుతున్నారు" అన్నారు, టోల్ వసూలు చేసేలా.

గుణదల దగ్గర మళ్ళీ అదే కథ. 1924లో అక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే తిరునాళ్ళకు కులమతాలతో పని లేకుండా జనం వచ్చి తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. క్రిస్మస్ ముందురోజు కూడా రద్దీ తక్కువేమీ లేదు. "స్వరూపాల దగ్గరికి నేను రాను. మా సిద్ధాంతం ఒప్పుకోదు" అని ఆయన కారులోనే ఉండిపోయారు. అత్తయ్యగారూ బాప్టిస్టే. ఆవిడ మాత్రం రెండు కొవ్వొత్తులు కొని, "ఊరికే, చూడటానికి" అంటూ నాకన్నా ముందు మెట్లెక్కేశారు. నాకు లోలోపల కోపం వచ్చింది. సెలవు పోగొట్టుకుని తిప్పుతుంటే ఈయన బెట్టు ఏమిటని.

బీసెంట్ రోడ్డులో తోపులాట, బేరం, ఆలస్యం. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

ఆదివారం మా గుడిలో ఆరాధన. కీర్తన కోసం అందరం లేచాం. ఆ పాటలు మాకూ వాళ్ళకూ ఒకటే కాబట్టి మామయ్యగారు పుస్తకం తెరవకుండానే అందుకున్నారు. అప్పుడు చూశాను. ఆయన కుడిచేయి ముందు బెంచీ అంచును పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అత్తయ్యగారు పైట సర్దుకుంటున్నట్టే సర్దుకుంటూ ఎడమచేతిని ఆయన మోచేతి కింద ఆనించారు. ఆయన వైపు చూడనైనా లేదు. ఎన్నాళ్ళ అలవాటో మరి.

రొట్టె, రసం పంచే ప్రభు సంస్కారం వేళ మేము వరసగా వెళ్ళి, బలిపీఠం ముందున్న రెండు మెట్లూ ఎక్కి మోకరించాం. ఆయన కదలలేదు. "మెట్లెక్కి మోకరించడం మీ లూథరన్ పద్ధతి బాబూ. మాకు రొట్టె, రసం కూర్చున్న చోటికే వస్తాయి" అన్నారు తరువాత. మాట నిజమే. ఉండవల్లి, గుణదల, ఈ రెండు మెట్లు, అన్నీ వరసగా నా కళ్ళ ముందు తిరిగాయి. ఇంటికొచ్చాక మా ఆవిడను అడిగితే, "రెండేళ్ళ నుంచీ మోకాళ్ళే. నీకు చెప్పవద్దన్నారు" అంది. ముందే చెబితే నా పథకంలో కొండలు ఉండేవి కావు కదా అని ఆమెతో కాసేపు పోట్లాడాను.

సాయంత్రం లక్ష్మీపురం, బ్రాడీపేట వైపు నక్షత్రాల దీపాలు చూస్తూ నడుద్దామని ముందు అనుకున్నాం. మధ్యాహ్నం బిర్యానీ ఎక్కువైందనీ, నడవలేననీ నేనే చెప్పేశాను. అత్తయ్యగారు నాకు వాము నీళ్ళు కాచి ఇచ్చారు. అబద్ధానికి శిక్షగా అవి గ్లాసెడు తాగవలసి వచ్చింది.

అందరం వరండాలో కూర్చున్నాం. మామయ్యగారు 1878 జులై 3 ఎత్తుకున్నారు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆధ్వర్యంలో గుండ్లకమ్మ నదిలో ఆ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో దిగారట. "చల్లడం కాదు, ముంచడం!" అని చేతులతో చూపించారు. మా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లోనే గుంటూరు వచ్చాడని నేను గుర్తుచేశాను. "ముందొస్తే సరా? ఎంతమందిని ముంచాడు?" అన్నారు. పదకొండయ్యేదాకా మాలో ఎవరూ లేవలేదు.

సోమవారం ఆరు గంటలకే బస్టాండుకు తీసుకెళ్ళాను. ఒంగోలు బస్సు మెట్టు నేలకు బాగా ఎత్తున ఉంది. సంచి అందుకుందామని చేయి చాచాను. ఆయన సంచి ఇవ్వలేదు. అటూ ఇటూ చూసి నా చేతినే గట్టిగా పట్టుకుని ఒక్క ఊపున ఎక్కారు. పైనుంచి తిరిగి చూసి, "మీ గుంటూరులో బస్సులకు కూడా లూథరన్ మెట్లేనా బాబూ" అన్నారు.