నల్లరాయి గోలీ

మాది విజయనగరం జిల్లా గరివిడి దగ్గరి పల్లె. మాంగనీసు గనుల పక్కన పెరిగిన మాకు గాజు గోలీలతో పాటు, బండమీద అరగదీసి గుండ్రం చేసుకున్న నల్లరాయి గోలీ కూడా ఒకటి జేబులో ఉండేది. పైరోలుసైట్ అనే ఆ ఖనిజం గాజుకంటే దాదాపు రెట్టింపు బరువు ఉంటుంది కనుక, బొటనవేలు నేలకు ఆన్చి, నడిమి వేలితో వెనక్కి లాగి వదిలితే ఎదుటి గోలీ గుంట దాటి ఎక్కడికో పోయేది. అది వేళ్లకు అంటించే మసి మాత్రం తోమినా వదిలేది కాదు. బడి ఎగ్గొట్టిన సంగతి అమ్మకు ఆ చేతులే చెప్పేసేవి.

ఓడినవాడు మోచేత్తో గోలీని నెట్టుకుంటూ గుంటదాకా తీసుకుపోవాలి. నల్లరాయికి ఈ శిక్ష నరకమే, ఎందుకంటే మేము ఎంత అరగదీసినా అది కోడిగుడ్డు వాటంగానే మిగిలి, నెట్టిన ప్రతిసారీ పక్కకు దొర్లేది.

దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. ఇక్కడి కోడూరు పేరుమీద కోడురైట్ అనే శిల కూడా ఉంది. ఉక్కు తయారీకి వెళ్లవలసిన రాయితో ఆడుకుంటున్నామని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. మా బావ దగ్గర గెలుచుకున్న గోలీ ఒకటి ఇప్పటికీ నా బల్లమీద కాగితాలపై బరువుగా ఉంది.