యాప్ వచ్చింది, రిజిస్టరు మాత్రం పోలేదు

హన్మకొండలో మేం పదిమందిమి కలిసి రక్తదాతల లిస్టు ఒకటి నడుపుతాం. ఎక్కువగా తలసేమియా పిల్లల కోసమే. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వాళ్లకు రక్తం ఎక్కించాల్సిందే. పండగని ఆగదు, మేడారం జాతరని ఆగదు. ఫోన్లు ఎత్తేది కాజీపేటలో ఉండే మా వదిన. ఆమె దగ్గరున్న పొడుగు రిజిస్టరులో ఆరేడు వందల పేర్లున్నాయి. మగవాళ్లయితే 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు గడిచాకే మళ్లీ అడగాలి. ఆ లెక్కంతా ఆమె వేళ్ల మీదే.

ఇంజినీరింగ్ పిల్లలకు మా ఊళ్లో కొదవ లేదు. ఫైనలియర్ వాళ్లు నలుగురు వచ్చి "అక్కా, మీకు యాప్ చేసిస్తాం, ఫ్రీగా" అన్నారు. కాళ్లు నేల మీద ఆనలేదు నాకు. ఏం కావాలో గంటసేపు నేనే చెప్పాను. పక్కనే టీ కలుపుతున్న వదినను మాత్రం అడగలేదు.

మూడు నెలల్లో తయారైంది. మ్యాపు, దాతలకు పాయింట్లు, బ్యాడ్జీలు, చూడటానికి ముచ్చటగా ఉంది. వదిన రెండు రోజులు వాడి మళ్లీ రిజిస్టరు తీసింది. "పేషెంటోళ్లు లైన్ల ఉంటే నేను మ్యాపు చూసుకుంట కూసోవాల్నా?" అంది. ఇవాళ ఎవరెవరికి గడువు నిండిందన్న ఒక్క ముక్క ఆమెకు కావాలి. అది తప్ప అందులో అన్నీ ఉన్నాయి.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. దాతల నంబర్లు ఎవరు చూసినా కనబడేవి. ఇద్దరు అమ్మాయిలకు రాత్రిళ్లు పిచ్చి ఫోన్లు మొదలయ్యాయి. ఒకమ్మాయి ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. ఏం చెప్పను? "నంబర్లు ఎవరెవరికి కనబడాలి?" అని పిల్లలు ముందే అడిగారు. "అందరికీ కనబడితే మంచిదే కదా" అన్నది నేనే. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, మా సంగతి అంతకుముందుది. అయినా దీనికి చట్టం దాకా ఎందుకు, ఇంగితం చాలు. ఆ రోజే తీసేయించాను.

తర్వాత పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, బెంగళూరు వెళ్లారు. డొమైన్, అంటే యాప్ నడిచే సైటు పేరు, ఒకబ్బాయి సొంత మెయిల్‌తో కొన్నారు. రెన్యూవల్ నోటీసులన్నీ ఆ మెయిల్‌కే వెళ్లాయి, అతను అది చూడటం మానేశాడు. సరిగ్గా మే నెలలో సైటు పడిపోయింది. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు, మాకు రక్తమిచ్చే పిల్లలూ ఉండరు, కంప్యూటర్ తెలిసిన పిల్లలూ ఉండరు. రిజిస్టరే మమ్మల్ని కాపాడింది.

రెండోసారి మడికొండ ఐటీ పార్కులో పనిచేసే తమ్ముడొకడు దొరికాడు. ఈసారి ఏం కావాలో నేను చెప్పలేదు. "రెండు ఆదివారాలు వదిన పక్కన కూర్చో, ఏమీ చేయకు" అన్నాను. కూర్చున్నాడు. మూడో ఆదివారం గూగుల్ షీట్ ఒకటి తెచ్చాడు. చివరిసారి ఇచ్చిన తేదీ వేస్తే చాలు, మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 120 కలుపుకుని, గడువు నిండిన పేరు దానంతటదే పచ్చగా మారుతుంది. ఫార్ములా ఒక్కటే. "ఇది ఇంటర్ పిల్లలు కూడా చేస్తారక్కా" అని కొంచెం చిన్నబోయాడు కూడా. అది నాకు అర్థమైంది. పనిలో చేయి తిరిగినవాళ్లకు చిన్న పని ఆనదు. కానీ ఏ పని చిన్నదో కనిపెట్టడానికే అతను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాడు, ఆ నలుగురికీ మూడు నెలలు పట్టినా దొరకనిది అదే.

అతన్నీ దాదాపు పోగొట్టుకున్నాం, తప్పు మళ్లీ నాదే. కంప్యూటర్ వచ్చు కదా అని ప్రింటరు చూడమన్నాం, శిబిరానికి పోస్టరు చేయమన్నాం, రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో "తమ్ముడూ, ఒక చిన్న సాయం" అని పెట్టాం. కొన్నాళ్లకు బ్లూ టిక్కులే మిగిలాయి, జవాబు లేదు. నేనే వెళ్లి మాట్లాడాను. వారానికి రెండు గంటలు, షీట్ పని మాత్రమే, అది కూడా ఆరు నెలలే అనుకున్నాం. అడిగేది నేనొక్కదాన్నే. గడువు పెడితే తొందరగా పోతాడేమోనని భయపడ్డాను. ఆరు నెలలయ్యాక ఇంకో ఆరు నెలలు ఉంటానని అతనే అన్నాడు.

అకౌంట్లన్నీ ఇప్పుడు సంఘం మెయిల్ మీదే ఉన్నాయి. పాస్‌వర్డులు కవర్లో పెట్టి, బ్యాంకు పాస్‌బుక్కుతో పాటు బీరువాలో దాచాం. వెళ్లేముందు అతను పనంతా తెలుగులో రెండు పేజీలు రాసిచ్చాడు. కొత్తగా వచ్చిన థర్డియర్ అమ్మాయి ఆ కాగితం చూస్తూ ఒక్కతే చేయాలి, అతను పక్కన కూర్చుని నోరు విప్పకూడదు. ఇదీ మా పరీక్ష. ఆ అమ్మాయి నాలుగు చోట్ల ఆగిపోయింది, ఆ నాలుగు చోట్లా కాగితం మళ్లీ రాశారు.

పోయిన నెలలో వదిన ఎవరినీ అడగకుండా షీట్‌లో తనే ఒక గడి చేర్చింది, "నైట్ డ్యూటీ" అని. ఫార్ములాలన్నీ చెదిరి పేర్లన్నీ ఒకేసారి పచ్చబడ్డాయి. థర్డియర్ అమ్మాయి సరిచేసి, ఫార్ములా గడులకు తాళం వేసి, నైట్ డ్యూటీ గడి మాత్రం ఉంచేసింది.