నల్ల పెన్నూ నీలం పెన్నూ

పదకొండున్నర. చిన్నది ఇప్పుడే పడుకుంది, ఈయన ఎప్పట్లాగే టీవీ ముందు. నా ముందు ఇరవై మెంటరింగ్ ఫారాలు. కాలేజీలని తనిఖీ చేసి గుర్తింపిచ్చే నాక్ వాళ్లొస్తున్నారు, రేపటికల్లా ఇచ్చెయ్యాలి.

నా గొణుగుడు మీకు కొత్తేం కాదు, కానీ ఈసారి మరీ. నెలకో వరస, వరసకి మూడు గడులు: సమస్య, ఇచ్చిన సలహా, వచ్చిన మార్పు. జులై నుంచి ఖాళీగా ఉన్నవన్నీ ఇవాళే నింపాలిట, ఒక్కరోజే రాసినట్టు కనపడకూడదుట. "కాస్త బ్లూ, కాస్త బ్లాక్ కలపండి మేడమ్" అన్న పెద్దమనిషి మొహంలో నవ్వు కూడా లేదు. పిల్లలకి కాపీ కొట్టద్దని చెప్పే నోళ్లు మావి! పదిహేను మందికొక టీచరన్న లెక్కని 2018లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇరవై చేసింది. ల్యాబులూ పేపర్లూ పోను, ఆ ఇరవై మందిలో ఎవరికేం చెప్పానో నాకే గుర్తుండదు.

డిగ్రీలో మా లెక్కల సారుకి ఫారాలూ గీరాలూ లేవు. రియల్ అనాలిసిస్‌లో నేను ఫెయిలైతే పేపరు చేతికిచ్చి, "రేపు క్యారేజీ తెచ్చుకో, సాయంత్రం దాకా ఉండు" అన్నారు. అంతే. స్టాఫ్‌రూములో కిటికీ పక్కన కాలు విరిగిన బెంచీ. ఎప్సిలాన్ అంటే భయం పోయేదాకా రోజూ అక్కడే. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, సుద్దముక్క నా చేతికిచ్చి పక్కకి జరిగేవారు. ఎమ్మెస్సీ వద్దని నాన్న పట్టుబడితే ఓ ఆదివారం ఇంటికొచ్చారు. కాఫీ తాగారు, వానల గురించి మాట్లాడారు, వెళ్లిపోయారు. చదువు మాటే ఎత్తలేదు. మర్నాడు నాన్నే వెళ్లి ఫీజు కట్టొచ్చారు. నాన్న ఆయన్ని గుమ్మం దాకా సాగనంపినప్పుడు ఇద్దరూ ఏమనుకున్నారో ఇప్పటికీ తెలీదు.

మెంటరింగంటే అదీ అని రాయబోతున్నా. రాస్తుంటే గుర్తొచ్చింది, ఆ బెంచీ మీద మేం ముగ్గురమే. క్లాసులో నలభై మంది. నా పక్కన కూచునే పిల్ల దసరా సెలవుల తర్వాత మళ్లీ రాలేదు. సారు ఓ వారం హాజరులో పేరు పిలిచి మానేశారు. ఏమైందని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆయనకి మేం ముగ్గురం నచ్చాం, అంతే. ఈ దిక్కుమాలిన ఫారం అప్పుడుంటే ఆ పిల్ల పేరు మీద ఓ కాగితమైనా ఉండేది కదా.

సరే, అసలు గుచ్చుకున్నది ఇది. మధ్యాహ్నం ఒకడొచ్చాడు. అటెండెన్సు 64.2. 65 ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, తగ్గిన హాజరుని మన్నించే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కేవాడు. ఇప్పుడు డిటెయిన్, జూనియర్లతో మళ్లీ అదే సెమిస్టరు. వాళ్ల నాన్న ఫోనులో "రీయింబర్స్‌మెంటు పోద్దా మేడంగారూ" అని ఒక్కటే అడిగాడు. ముందే చెప్పొచ్చుగా అని వాణ్ణి వాయించేశా. "చెప్పాను మేడమ్" అన్నాడు మెల్లిగా. అబద్ధమనుకున్నా.

ఇందాక వాడి ఫారం తీస్తే ఆగస్టు గడి ఖాళీగా లేదు. నా చేతిరాతే. "ఊరి బస్సు ఆలస్యం, మొదటి పీరియడ్ అందడం లేదు." రోజుకి ఆరు పీరియడ్లు, అందులో మొదటిది రోజూ పోతే అక్కడికే పదహారు శాతం గల్లంతు. ఆపైన డెంగీతో మూడు వారాలు. పక్కన సలహా గడిలో "క్రమం తప్పక రావలెను" అని రాసి సంతకం పెట్టా. వారంలో మూడు రోజులు ఆ మొదటి పీరియడ్ నాదే. పావుగంట ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడితే లోపలికి రమ్మనేదాన్ని, ఆబ్సెంటు మాత్రం దిద్దేదాన్ని కాదు.

లెక్కేశాను. ఐదు ఆబ్సెంట్లు మారిస్తే 65 దాటతాడు. వాడు గదిలో కూచున్న మాట నిజమే కూడా. కానీ రెండు రంగుల పెన్నుల గురించి పైన అంత వాగింది నేనే.

పందొమ్మిది ఫారాలు అయిపోయాయి. బ్లూ కొంత, బ్లాక్ కొంత. హాజరు రిజిస్టరు కాలేజీలో, నా సొరుగులో ఉంది. మంచిదైంది, ఇంట్లో లేదు.