కిటికీకి కట్టిన చీర

పోయిన జూన్‌లో మా అక్క కూతురు ఏదో ఇంటర్వ్యూ ఉందని రెండు రోజులకి చెన్నై వచ్చింది. సెంట్రల్‌కి వెళ్ళి నంగనల్లూరు తీసుకొచ్చాను. బ్యాగు గుమ్మంలోనే పెట్టి, హాలంతా ఒకసారి కలయజూసి, "పిన్నీ, ఇది నిజంగా నీ ఇల్లేనా? లాడ్జిలో దిగినట్టుంది" అంది.

ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో తెలియాలంటే ఆ రోజు నా వేషం చెప్పాలి. చిలకపచ్చ నూలు చీర, దాని మీదకి ఉల్లిపొర రంగు జాకెట్టు, చెవులకి నడిచినప్పుడల్లా చప్పుడయ్యే ఇత్తడి గంటలు. టి. నగర్‌లో ఒక ఆడిటరు దగ్గర పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. మా ఆఫీసులో కాగితాలకి నా చీరలే తారీఖులు. "ఆవపూల రంగు చీర కట్టుకొచ్చిన రోజు సంతకం పెట్టించారే, ఆ ఫైలు మేడమ్" అంటాడు అటెండరు. ఫైలు దొరుకుతుంది కూడా.

ఆ మనిషి ఇంట్లో సోఫా బిస్కెట్ రంగు. కర్టెన్లు బిస్కెట్ రంగు. దుప్పట్లు టీలో ముంచిన బిస్కెట్ రంగు. ఎనభైల్లో కట్టిన అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, కింద మొజాయిక్ గచ్చు, గోడలకి ఓనరు మామి రెండేళ్లకోసారి వేయించే ఆఫ్ వైట్. ఇవన్నీ కొన్నప్పుడు నేనూ మా ఆయనా అనుకున్న మాటలు నాకింకా గుర్తే: మాసినా కనబడదు, దేనికైనా నప్పుతుంది, రేపు ఇల్లు మారినా పనికొస్తుంది. ఈ మూడింటిలో ఒక్క కారణంతోనూ నేను జన్మలో చీర కొనలేదు. దేనికైనా నప్పే చీర చూపించమని అడిగితే పానగల్ పార్కు దగ్గర సేల్స్‌మన్లు నాకు మజ్జిగ ఇచ్చి పంపేస్తారు.

ఆ రాత్రి అక్క కూతురు ఫోన్లో ఒక ముసలావిడ ఫొటో చూపించింది. సాసర్లంత నల్ల కళ్లజోడు, మోచేతుల దాకా గాజులు, మెడలో పూసల కుప్ప. ఐరిస్ ఆప్ఫెల్. మొహం నేను అంతకుముందే చూశాను, బట్టల మనిషనుకున్నాను. కాదట, ఆవిడ అసలు పని ఇళ్లదేనట. 1950లో భర్త కార్ల్‌తో కలిసి ఓల్డ్ వరల్డ్ వీవర్స్ అని పెట్టి, పాతకాలపు సోఫా గుడ్డల, పరదాల నమూనాలు వెతికి మళ్ళీ అలాగే నేయించేవారు. ట్రూమన్ నుంచి క్లింటన్ దాకా తొమ్మిదిమంది అధ్యక్షుల కాలంలో వైట్‌హౌస్ పనులకి వాళ్ల చెయ్యి పడింది. 2005లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంవాళ్లు ఆవిడ సొంత బట్టలూ నగలూ పెట్టి ప్రదర్శన చేసేసరికి ఆవిడకి 84 ఏళ్లు. 2024లో 102 ఏళ్లకి పోయారు. సోఫా గుడ్డకీ ఒంటి మీద గుడ్డకీ మధ్య ఆవిడ గోడ కట్టుకోలేదన్నమాట. నేను కట్టుకున్నాను, అదీ ఆఫ్ వైట్ గోడ.

అక్క కూతురు వెళ్ళిపోయింది. నాకు పూనకం వచ్చింది.

మొదటి ఆదివారమే ఎగ్మూరు పాంథియన్ రోడ్డుకి వెళ్ళాను, అక్కడ గుడ్డల దుకాణాలు వరసగా ఉంటాయి. కలంకారీ అచ్చు గుడ్డ సోఫాకి, ఇక్కత్ కర్టెన్లకి, గళ్ల గుడ్డ డైనింగ్ టేబుల్‌కి, ఇంకేదో పువ్వులది దిండ్లకి. దర్జీకి కూలీ కూడా బాగానే అయింది. అన్నీ వేసి, లైటు వేసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాను. వళ్లువర్ కోట్టంలో చేనేత ఎగ్జిబిషన్ ఆఖరి రోజు, సాయంత్రం ఎనిమిది గంటలకి ఉండే స్టాలు. మా ఆయన సోఫాలో కూర్చుని, "నేను ఎక్కడున్నానో కనబడుతున్నానా?" అన్నారు.

వారం తిరక్కుండా ఇంకోటి. ఎర్ర దిండు గలీబు మీద మా మామగారు స్నానం చేసి తడి వీపు ఆనించి పేపరు చదువుకున్నారు. తెల్ల బనీను వెనకాల చక్కగా పువ్వులు దిగాయి. ఆయన పెద్దమనిషి, ఏమీ అనలేదు, బనీను మాత్రం బాల్కనీలో అందరికీ కనబడేలా ఆరేశారు.

రంగు దిగడానికి మా ఊరికి పెద్ద చరిత్రే ఉందని ఆయనకి చెప్పబోయాను కానీ వినే స్థితిలో లేరు. మీరు వినండి. 1958లో మద్రాసు గళ్ల నూలు గుడ్డ అమెరికా వెళ్ళి బ్రూక్స్ బ్రదర్స్ అనే బట్టల కంపెనీలో చొక్కాలూ కోట్లూ అయింది. పచ్చిరంగు గుడ్డ, చన్నీళ్లలో విడిగా ఉతకాలని కొన్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారాయి. గొడవ ముదిరాక, ఇది తప్పు కాదు, ఉతికిన కొద్దీ రంగు పారడమే దీని గొప్పతనం అని ప్రచారం ఎత్తుకున్నారు. 'బ్లీడింగ్ మద్రాస్' అని పేరు పెట్టి, పారడం గ్యారంటీ అని మరీ అమ్మారట. మా మామగారికి అలా అమ్మే తెలివితేటలు నాకు లేవు. ఇప్పుడు ఏ ముదురు రంగు గుడ్డ తెచ్చినా ముందు ఓ మూల తడిపి, తెల్ల చేతిరుమాలుకి రుద్ది చూసి, ఆ తర్వాతే దర్జీకి ఇస్తున్నాను.

దెబ్బలు రెండూ తిన్నాక కాస్త ఆలోచించాను. ఒంటి మీద ఇన్నేళ్లుగా తప్పు చేయని దాన్ని, ఇంట్లో ఎందుకు చేశాను? బీరువా తలుపు తీసి మంచం మీద కూర్చుని చీరలకేసి చూస్తే జవాబు అక్కడే ఉంది. చీరలో గొంతెత్తేవి కొంగూ అంచూ. ఒళ్లు ఊరుకుంటుంది. ఒళ్లే గొంతెత్తిందా, జాకెట్టు సాదాగా వేసుకుంటాం. అంతా పువ్వులున్న చీర మీదకి పువ్వుల జాకెట్టు నేనెప్పుడూ వేసుకోలేదు. ఇంట్లో మాత్రం సోఫాకీ పువ్వులే, దిండుకీ పువ్వులే.

కంచి పట్టు చీర దగ్గరికొస్తే ఇదంతా మగ్గం మీదే తేలిపోయి ఉంటుంది. అంచుకి వేరే పేక (అడ్డపోగు), ఒంటికి వేరే పేక, ఆ పేకని మోసే నాడెలు మూడు ఆడతాయి, ఒక అంచు వైపు నాడె అందించడానికి పక్కన ఇంకో మనిషి కూర్చుంటారు. దీన్ని కొర్వై అంటారు. వంకాయ రంగు పక్కన ఆవపూల పసుపు కూర్చుంటే రెండూ కలిసిపోకుండా, కొట్టుకోకుండా ఉండటానికి అంత శ్రమ. అంచు ఎంత వెడల్పు, ఒళ్లు ఎంత ఖాళీ అన్న లెక్క తరతరాలుగా అరిగి అరిగి కుదిరింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి పేరు మీద ఒక నీలమే ఉంది, ఎం.ఎస్. బ్లూ. కంచి నేతగాడు ముత్తు చెట్టియార్ ఆవిడకోసం నేసిన రంగు. మనిషి సాత్వికం, రంగు ధైర్యం. పక్కన ఇంకేమీ అరవదు కాబట్టి ఆ నీలం వినబడుతుంది.

మా తాతగారిది చీరాల పక్క పల్లె, ఇంట్లో గుంట మగ్గం ఉండేది. ఆ ఇంటి గోడలకి సున్నం తప్ప ఏమీ ఎరగను. రంగంతా మగ్గం మీదా దండెం మీదా ఉండేది. ఈ సంగతి ముట్టుకాడు దగ్గర, పాత ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్రలో మళ్ళీ తగిలింది. అప్పటి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం నుంచి తెచ్చి అక్కడ నిలబెట్టిన ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు ఒకటి ఉంది. ఇల్లు మాట్లాడదు, నేత మాట్లాడుతుంది. అక్కడే ఉన్న చెట్టినాడు ఇంటికొచ్చేసరికి లెక్క తిరగబడింది. అక్కడ కాలి కిందే రంగులు. ఆ గచ్చుకి వేసే ఆత్తంగుడి పలకలు బట్టీలో కాల్చరు. గాజు పలక మీద ఇనప అచ్చు పెట్టి, గడుల్లో రంగు సిమెంటు పోసి, వెనకాల ఇసుక సిమెంటు నింపి, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఆ నునుపు గాజుది. గచ్చు మీద ఎరుపూ పసుపూ నలుపూ చూస్తుంటే ఇవెక్కడో చూశానే అనిపించింది. నా బీరువాలో మూడో అరలో. కారైకుడి కండాంగి చీర, అదే ఇటుక ఎరుపు, అదే ఆవపూల పసుపు, అవే పెద్ద పెద్ద గళ్లు. నేలకీ చీరకీ ఒకే ఊరి కళ్లు. ఇలా ఉండాలంటే ఏ డిజైనరూ అక్కర్లేదు, బీరువాలో ఏముందో తెలిస్తే చాలు.

ఒక తేడా మాత్రం ఉంది, అది ఒప్పుకోవాలి. చీర రాత్రికి విప్పేస్తాం. రేపు ఇంకో మనిషిలా బయల్దేరతాం. గోడని విప్పలేం. నాకు ఇటుక ఎరుపు గోడ చూడముచ్చటగానే ఉంటుంది, ఆరు నెలలు పోయాక జ్వరం వచ్చి దానికేసి చూస్తూ పడుకోవాలంటే మాత్రం ఏడుపొస్తుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: మడత పెట్టి అరలో దాచగలిగిన వాటికే రంగు. మామి ఆఫ్ వైట్ మీద కోపం కూడా తగ్గింది. అది ఒళ్లు, దాన్ని ఊరుకోనిద్దాం.

సోఫాకి సాదా గుడ్డ వేశాను, గచ్చకాయ రంగు. పువ్వుల గలీబులన్నీ మా అక్క ఊరికి పార్శిల్ చేశాను, అది వేసుకోనీ. గుమ్మంలోంచి రాగానే కనబడే గోడ ఇంటికి కొంగు, అక్కడ టీవీ ఉండేది. టీవీని పక్క గోడకి మార్చడానికి మా ఆయనతో నెల రోజులు పట్టింది. ఆ స్థలంలో చెక్క కర్రకి తెలంగాణ పల్లె పుట్టపాకలో నేసిన తేలియా దుపట్టా వేలాడదీశాను. తేలియా అంటే నూనెది. ఆముదం కాయల బూడిదా నూనే కలిపి నూలుని రోజుల తరబడి నానబెడితే ఎరుపూ నలుపూ పోగుల్లోకి ఇంకుతాయి. ఆ గుడ్డ మా చీరాల నుంచి ఒకప్పుడు రుమాళ్లుగా అరబ్బు దేశాల దాకా వెళ్ళేది. 2020లో పుట్టపాక పేరు మీద భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా చీరాలకి రాలేదన్న చిన్న ఉక్రోషం ఉంది నాకు, దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఇంక కర్టెన్ల సంగతి. ఇందులో కొలతలున్నాయి, కావాల్సినవాళ్లు రాసుకోండి. చీర ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. రెండుగా మడిస్తే 9. మా బాల్కనీ తలుపు మీద రాడ్డు దాదాపు అంత ఎత్తులోనే ఉంది. రాడ్డు మీంచి చీరని సగానికి వేస్తే కింద గచ్చుని సరిగ్గా ముద్దు పెట్టుకుంటుంది. కొంగు భాగం ఇంట్లోకి, ఒళ్లు వీధిలోకి. అంచులు రెండూ నిలువుగా దిగుతాయి, తలుపుకి కొత్త ద్వారబంధం కట్టినట్టు. కత్తెర పడదు, కుట్టు పడదు. పైన మడత చోట గుడ్డ నలుగుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి జానెడు కిందికి జరపాలి.

పడమటి కిటికీకి నూలు చీరలే. మధ్యాహ్నం రెండు దాటాక చెన్నై ఎండకి పట్టు పీచు బలం పోయి, కొన్నాళ్లకి మడతల దగ్గర చిరుగుతుంది. గాలిలో చెమ్మకి వెండి జరీ నల్లబడుతుంది. పట్టుకి బాల్కనీ తలుపే, అదీ ఉత్తరం వైపు, అదీ పండగలకే. దసరాకి అమ్మ ఇచ్చిన నెమలి కంఠం పట్టు చీర వేశాను. పడుగు ఆకుపచ్చ, పేక నీలం. పొద్దున కాఫీ వేళకి పచ్చగా ఉంది, లైటు వేశాక నీలమైంది, ఫ్యాను గాలికి కదిలితే రెండూ. ఒంటి మీద ఉన్నప్పుడు ఆ చీర ఇన్ని రంగులు మారుతుందని నాకు తెలియదు. కట్టుకున్నవాళ్లకి తమ చీర కనబడదు కదా.

అద్దె తీసుకోవడానికి వచ్చిన మామి అంచు పట్టుకుని వేలితో తడిమి, "కొర్వై తానే?" అంది, కొర్వై కదా అని. అవునన్నాను. కాసేపు నిలబడింది. గోడకి మేకు కొట్టినందుకు ఏమీ అనలేదు, అది నాకు చాలు.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "కట్టుకునే చీర కిటికీకి కట్టావా! మైల పడదూ?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే చేసింది.

"కార్తీకంలో బాబాయి మనవరాలి పెళ్లి ఉంది కదా."

"ఉంది."

"నీ కిటికీ నాకు పంపించు. పెట్టెలో మిగతావన్నీ పాతబడ్డాయి."

కొరియర్లో పంపాను. ఇప్పుడు బాల్కనీ తలుపుకి ఏమీ లేదు, ఎదురు ఫ్లాటువాళ్లు మేం ఏం తింటున్నామో చూస్తున్నారు.