బ్రాడ్‌ఫర్డ్ బడి మెట్లు, చిత్తూరు బడి వసారా

పాత బడి కట్టడాన్ని నేటి పిల్లలకు తగినట్టు మార్చే పనిలో అన్నింటికంటే ఎక్కువ వాదన వాకిట్లో ఉన్న మెట్ల దగ్గర జరుగుతుంది. గోడలు తడి ఎక్కుతున్నాయని, పైకప్పు కారుతోందని, గదుల్లో చలి నిలుస్తోందని అందరూ ఒప్పుకుంటారు; వాటికి ఏం చేయాలో కూడా త్వరగానే తేలుతుంది. మెట్ల విషయానికి వచ్చేసరికి మాత్రం కట్టడాన్ని కాపాడవలసిన బాధ్యతా, ప్రతి బిడ్డనూ లోపలికి తీసుకురావలసిన బాధ్యతా ఎదురెదురుగా నిలబడతాయి. తిరుపతిలో సివిల్ ఇంజినీరింగు చదివి, ఇంగ్లండులోని యార్క్‌షర్ ప్రాంతంలో పాత కట్టడాల మరమ్మతులు చేసే సంస్థలో సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్న నాకు, బ్రాడ్‌ఫర్డ్ నగరంలోని ఒక ప్రాథమిక పాఠశాల పనిలో ఇది బాగా తెలిసివచ్చింది. సంక్రాంతి సెలవుకు చిత్తూరు వచ్చి మా వీధి చివర ఉన్న పాత బడిని చూశాక, ఆ పనిని వివరంగా రాయడం అవసరమనిపించింది.

బ్రాడ్‌ఫర్డ్ బడులకు పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండు, వేల్సులలో ప్రాథమిక విద్యకు దారి వేసిన 1870 నాటి చట్టాన్ని పార్లమెంటులో ప్రవేశపెట్టిన ఫార్‌స్టర్ ఆ నగరం నుంచి ఎన్నికైన సభ్యుడే. ఆ చట్టంతో ఏర్పడిన స్కూల్ బోర్డులు మిల్లు కార్మికుల పిల్లల కోసం ఎత్తైన రాతి బడులు కట్టించాయి. పిల్లల తిండి, శుభ్రత, ఆరోగ్యం కూడా బడి చూసుకోవలసినవేనని పోరాడిన మార్గరెట్ మెక్‌మిలన్ 1894లో అక్కడి బోర్డుకు ఎన్నికయ్యారు. మేము పనిచేసిన కట్టడం ఆ కాలానిదే. మిల్లుల పొగకు దాని ఇసుకరాళ్లు నల్లబడి ఉన్నాయి. మగపిల్లలకు, ఆడపిల్లలకు, మరీ చిన్నవాళ్లకు వేర్వేరు గుమ్మాలు పెట్టి, ఏ గుమ్మం ఎవరిదో పైరాతి మీద చెక్కారు. ఇప్పుడు ఆ గుమ్మాల్లోంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉర్దూ, పంజాబీ మాట్లాడుకుంటారు. కట్టడం రక్షిత జాబితాలో రెండో శ్రేణిలో ఉంది కనుక, 1990 నాటి చట్టం ప్రకారం కౌన్సిలు అనుమతి లేకుండా దాని స్వరూపాన్ని మార్చడం నేరం. మరోవైపు 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం ప్రతి బడీ తన ఆవరణను వికలాంగులైన పిల్లలకు క్రమంగా అందుబాటులోకి తెచ్చే ప్రణాళికను రాసిపెట్టుకుని అమలు చేయాలి.

ముఖద్వారం ముందు ఒక్కొక్కటి 150 మిల్లీమీటర్ల ఎత్తున మూడు రాతి మెట్లు ఉన్నాయి. మొదటి ప్లానులో వాటి జోలికి పోలేదు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం వెనుకవైపు, వంటగదికీ చెత్తడబ్బాలకూ మధ్య, ఒక ర్యాంపు చూపించారు. నిబంధనల ప్రకారం అది సరిపోతుంది, ఖర్చూ తక్కువే. అయితే ఆ బడిలో చక్రాల కుర్చీ వాడే ఒక పాప తల్లి సమావేశానికి వచ్చి, స్నేహితులందరూ ముందు నుంచి వెళుతుంటే తన కూతురు ఒక్కతే చెత్తడబ్బాల పక్కనుంచి ఎందుకు వెళ్లాలని అడిగారు. ఆమెకు జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో లేరు. ఆ ప్లాను అక్కడితో ఆగిపోయింది.

ఆ తల్లి మాట్లాడుతున్నంతసేపూ నాకు మా చిన్నాయన కూతురే కళ్లముందు మెదిలింది. పసితనంలో పోలియో వచ్చిన తనకు తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కాలికి క్యాలిపర్ (నడకకు ఆసరా ఇచ్చే లోహపు కడ్డీల పట్టీ) అమర్చారు. చదును నేల మీద బాగానే నడిచేది, బడి వసారా మెట్ల దగ్గర మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకోవలసివచ్చేది. మరుగుదొడ్డికి పోవాలంటే మళ్లీ ఆ మెట్లన్నీ దిగాలి కాబట్టి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేది. ఇప్పుడు తిరుపతిలో టీచరుగా పనిచేస్తోంది. "ఎత్తుకోని పోయేవాళ్లు మంచోళ్లే అక్కా, కానీ నా అంతట నేను పోవాలని ఉండేది" అని నాతో అన్న మాటను నేను ఆ సమావేశంలో ఇంగ్లీషులో చెప్పాను. ఉద్యోగరీత్యా చెప్పవలసిన మాట కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

కౌన్సిలు తరఫున పురాతన కట్టడాలను చూసే అధికారి మెట్లను పగలగొట్టడానికి గానీ, ముఖద్వారం ముందు ఇనుప కమ్మీల ర్యాంపు నిలబెట్టడానికి గానీ ఒప్పుకోలేదు. ఆమె వాదన సబబేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. చివరికి వాకిలి నేలనే మెల్లగా ఎత్తు చేయాలని నిర్ణయించాం. అక్కడి భవన నిబంధనల్లో 20 అడుగుల పొడవుకు ఒక అడుగు చొప్పున గానీ అంతకంటే ఎక్కువగా గానీ లేచే దారినే ర్యాంపుగా లెక్కిస్తారు. అంతకంటే తక్కువ వాలు ఉన్నది మామూలు దారి కిందికే వస్తుంది కనుక కమ్మీలు అక్కర్లేదు. మూడు మెట్ల ఎత్తు మొత్తం 450 మిల్లీమీటర్లు. 21కి 1 వాలులో అంత ఎత్తు ఎక్కడానికి 9.45 మీటర్ల పొడవు చాలు, వాకిట్లో అంత చోటు ఉంది. మెట్ల మీద ముందు గట్టి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దానిపై కంకర నింపి, ఆ పైన అదే వాకిట్లో నుంచి తీసిన పాత రాతి పలకలు వేశాం. రేపటి తరం వాళ్లకు మెట్లు కావాలనిపిస్తే కంకర తోడేసి ఉన్నవి ఉన్నట్టు చూసుకోవచ్చు.

నేలను గోడకు ఆనించి ఎత్తు చేస్తే తడి గోడలోకి ఎక్కుతుంది. చెక్కనేల కింద గాలి ఆడటానికి గోడ అడుగున ఉంచిన రంధ్రాలు మూసుకుపోయి దూలాలు పుచ్చిపోతాయి. అందుకని గోడ వెంబడి జానెడు వెడల్పున కాలువ వదిలి, దానిపై ఇనుప జాలీ వేశాం. చేతికర్ర మొన గానీ కుర్చీ ముందు చక్రం గానీ దిగని సన్నని కన్నాల జాలీ దొరికేదాకా తెచ్చినవాటిని తిప్పి పంపుతూనే ఉన్నాం. చూపు మందగించిన పిల్లలు గుమ్మాన్ని దూరం నుంచే గుర్తుపట్టేలా తలుపుకూ చుట్టూ గోడకూ కాంతిని తిప్పికొట్టే గుణంలో, నూరు పాయింట్ల కొలమానం మీద, 30 పాయింట్ల తేడా ఉండాలి. నల్లబడ్డ రాయి పక్కన పసుపు రంగు తలుపు పెట్టడంతో అదీ కుదిరింది.

ఇక గోడల పని. వెనకటి మరమ్మతులో ఎవరో రాళ్ల సందులను సిమెంటుతో పూడ్చారు. ఇసుకరాయి తడిని పీల్చుకుంటుంది, ఎండ తగిలినప్పుడు వదులుతుంది. సందులో సున్నం ఉంటే ఆ తడి దాని గుండా బయటికి పోతుంది. సిమెంటు పోనివ్వదు కాబట్టి రాయిలోనే నిలిచి, చలికి గడ్డకట్టి, ఉబ్బి, రాతి ముఖాన్ని పొరలు పొరలుగా రాల్చేస్తుంది. అరిగేది సందు కావాలి, నిలిచేది రాయి కావాలి. సిమెంటును ఉలితో, చేత్తోనే తీయించాం. కోత మిషను పెడితే రాతి అంచులు పోతాయి. తరువాత మళ్లీ సున్నంతో నింపాం. వేడి 5 డిగ్రీలకు తగ్గితే సున్నం పని ఆపేయాలి, మంచు తగిలితే గట్టిపడకముందే పొడి రాలుతుంది. కనుక శీతాకాలమంతా ఆ పని జోలికి పోము. నింపిన సందులు ఒక్కసారిగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పి ఉంచుతాం.

మా నాయన మేస్త్రి. వయసులో ఉన్నప్పుడు మా తాతతో కలిసి, ఎద్దులు తిప్పే గానుగలో సున్నమూ ఇసుకా నూరి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, చిత్తూరు బెల్లం నీళ్లు కలిపి డంగుసున్నం పని చేశారు. ఒక మధ్యాహ్నం వీడియో కాల్‌లో గోడ చూపిస్తుంటే, "ఆ పైమూల గోనెపట్టా ఎండిపోయిండాది చూడుమ్మా, ముందు దాన్ని తడపమను" అన్నారు. నిజంగానే అక్కడ పట్టా రంగు మారింది. పక్కనే ఉన్న పోలండు మేస్త్రికి ఫోను ఇస్తే, నాయన వేలితో చూపించిన చోటల్లా ఆయన నీళ్లు చల్లుకుంటూ వెళ్లారు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటిపడే ఆ దేశంలో, ఆడమనిషి చెప్పిన కొలతను మళ్లీ కొలిచి చూసే పనివాళ్ల మధ్య, నాకు ఆ పరంజా మీద చనువు ఏర్పడింది ఆ రోజు నుంచే.

లోపలి మార్పుల గురించి చెప్పవలసింది తక్కువ. పైకప్పు మీద నూటముప్పై ఏళ్ల నాటి గాలిగూడు ఒకటి ఉంది. గదుల్లోని వేడిగాలి దాని గుండా పైకి పోయేది. దాన్ని ఎప్పుడో మూసేశారు. తెరిచి, చలికాలంలో మూసుకునే తలుపు అమర్చాం. పాత కిటికీలను తీయకుండా లోపలివైపు రెండో అద్దం, గోడలకు తడిని ఆపని చెక్కపీచు పలకలు, అటక మీద వేడిని ఆపే మందపాటి పరుపు వేశాకే గ్యాసు బాయిలరు తీసి, బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే హీట్ పంపు పెట్టాం. వేడి కారిపోయే కట్టడానికి ముందే హీట్ పంపు పెట్టడం డబ్బు తగలేయడమే. చెవి మిషను పెట్టుకునే పిల్లలకు ఎత్తైన గదులే పెద్ద ఇబ్బంది, ఎందుకంటే ఆ మిషను టీచరు గొంతుతో పాటు ప్రతిధ్వనినీ పెంచి వినిపిస్తుంది. పాత బడిని బాగుచేసినప్పుడు ప్రాథమిక తరగతి గదిలో శబ్దం 0.8 సెకన్లలో అణగాలని, వినికిడి ఇబ్బంది ఉన్న పిల్లల గదిలో 0.4 సెకన్లలోనే అణగాలని అక్కడి ప్రమాణం. కప్పు కింద ఉన్నిపలకలు వేలాడదీసి ఆ మట్టానికి తెచ్చాం.

చిత్తూరులో మా వీధి చివరి బడిది మద్రాసు మిద్దె: టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువునా ఏటవాలుగా పేర్చి, సున్నం గచ్చు వేసిన కప్పు. దాన్ని పడగొట్టి కాంక్రీటు స్లాబు వేద్దామన్న ఆలోచన నడుస్తోంది. నాయనా, చెల్లెలూ, నేనూ కలిసి వెళ్లి చూశాం. దూలాల్లో చివరి గదివి రెండు తప్ప మిగతావి గట్టిగా ఉన్నాయి. సున్నపు గోడలకు తరువాత ఎప్పుడో సిమెంటు పూత పూశారు. 2021 నవంబరులో జిల్లాను ముంచిన వానల నుంచీ ఆ గోడలు నడుము ఎత్తు దాకా చెమ్మగానే ఉన్నాయట. కప్పు దగ్గరి గవాక్షాలను ఇటుకలు పెట్టి మూసేశారు, ఫ్యాన్లు పెట్టినప్పుడు కాబోలు. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన చంద్రగిరి రాజమహల్ మనకు ఇంత దగ్గరలో నిలిచి ఉండగా, సున్నపు గోడ పాతబడిందంటే పనికిరాదని తేల్చేయడం నాకు బాధ కలిగించింది.

అలాగని పాతదంతా మంచిదని నేను అనను. వరద నీళ్లు రాకూడదని మన పెద్దలు మూడడుగుల ఎత్తున వసారా కట్టారు గానీ, దాన్ని ఎక్కలేని బిడ్డ గురించి ఆలోచించలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలోనే బడికి అడ్డంకులు లేని దారి ఉండాలని ఉంది, 2016లో వికలాంగుల హక్కుల చట్టమూ వచ్చింది. 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు చాలా బడులకు అందాయి. ర్యాంపులు చాలాచోట్ల ఉన్నాయి. అయితే కొన్ని ఎక్కలేనంత నిటారుగా ఉంటాయి, కొన్ని కింద అరజానెడు గట్టుతో మొదలవుతాయి, ఇంకొన్ని ఎక్కి చూస్తే తాళం వేసిన తలుపు దగ్గర ముగుస్తాయి. మూడడుగుల వసారాకు 12కి 1 వాలులో 36 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి ఒక చదును చోటు కావాలి. మా బడి ముందు అంతకంటే ఎక్కువ స్థలమే ఉంది. చెల్లెలు క్యాలిపర్‌తో నడిచి, గేటు నుంచి పెద్ద గుమ్మం దాకా సుద్దముక్కతో గీత గీసింది. నా టేపు కొలత ఆ గీత వెంబడే సాగింది.

బడి తల్లిదండ్రుల కమిటీకి ఇచ్చిన కాగితంలో ఇవే రాశాం: ర్యాంపు పెద్ద గుమ్మానికే రావాలి, వసారా మట్టంలోనే బయటికి తెరుచుకునే తలుపుతో ఒక మరుగుదొడ్డి కట్టాలి, గవాక్షాలు తెరవాలి, మిద్దెపై సున్నం కొట్టాలి, నడుము ఎత్తు దాకా సిమెంటు పూత తీసి ఒక ఎండాకాలం గోడలను ఆరనివ్వాలి. సున్నం గార పనికి మన దగ్గర మే నెల పనికిరాదు, పూసింది పూసినట్టు ఆరి బీటలు వారుతుంది. అక్టోబరు నుంచి వానలు. కాబట్టి సిమెంటు తీయడం వేసవి సెలవుల్లో, గార పని వచ్చే జనవరిలో గది తరువాత గదిగా చేయాలని నాయన అంచనా. పలమనేరు, పుంగనూరు వైపు సున్నపు గానుగ ఎక్కడైనా ఇంకా తిరుగుతోందేమోనని ఆయన పాత మేస్త్రీలకు ఫోన్లు చేస్తున్నారు. పుచ్చిన దూలాలు రెండింటికీ కొలతలు తీసి కమిటీకి ఇచ్చాం, అంచనా ఖర్చు వాళ్లు వేయించాలి.