ఉప్పు మైదానం కోసం సుంకి ఘాటీలో బేబీ ఆస్టిన్

నవంబరు రెండో వారంలో, తెల్లవారుజామున నాలుగున్నరకి విజయనగరంలో బయలుదేరాం. ముందు మినీ లారీ మీద తాళ్లతో బిగించిన బేబీ ఆస్టిన్ (1930ల నాటి బుల్లి ఇంగ్లీషు కారు, ఆస్టిన్ సెవెన్), వెనక జీపులో ముగ్గురం. గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు చేరేసరికి వెలుగొచ్చింది. సాలూరంటే లారీల ఊరు. టీ కొట్టు దగ్గర ఒక డ్రైవరు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏటి బాబూ, ఈ బుల్లి బండి ఘాటెక్కుద్దేటి?" అన్నాడు. ఎక్కించడానికే తెచ్చామన్నాం. "రేడియేటర్ నీళ్లు చూసుకోండి మరి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు మాకు అందిన సలహాల్లో అదే మంచిది.

ఈ ఇంజను తయారవుతున్నది అమెరికాలో ఉప్పు మైదానం మీద తీయబోయే వేగ పరుగు కోసం. యూటా రాష్ట్రంలోని ఆ బానవిల్ ఉప్పు మైదానం ఎత్తు సుమారు 1,290 మీటర్లు. విజయనగరం ఎత్తు 70 మీటర్ల పైచిలుకు. ఇక్కడ నిక్కచ్చిగా కుదిర్చిన కార్బురేటర్ అక్కడ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. గాలి పలచబడినంతగా జెట్టులోంచి (కార్బురేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే సన్న చిల్లు) వచ్చే పెట్రోలు తగ్గదు. గాలి సాంద్రత ఎంత తగ్గిందో, దాని వర్గమూలం మేరకు మిక్చర్ చిక్కబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు ఎక్కువవుతుంది. సాంద్రత 10 శాతం తగ్గితే మిక్చర్ 5 శాతం చిక్కన. కాగితం మీద ఈ లెక్క ఎవరైనా వేస్తారు. ఇంజను దాన్ని ఒప్పుకుంటుందా లేదా అన్నది ఎత్తు మీదే తెలియాలి. ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్లకి ఆ ఎత్తు మూడు గంటల దూరంలో కోరాపుట్ జిల్లాలో ఉంది. పైగా దారిలో కొండెక్కే రోడ్డు, సుంకి ఘాటీ ఉంది. ఇంజను మీద భారం వేసి బలం కొలిచే డైనమోమీటర్ లేనివాడికి ఘాటీయే డైనమోమీటర్.

ఇంజను స్థితి ముందు చెప్పాలి, లేకపోతే తరువాతి అంకెలకి అర్థం ఉండదు. బేబీ ఆస్టిన్ బోరు (సిలిండరు వ్యాసం) 2.2 అంగుళాలు, అంటే 55.88 మిల్లీమీటర్లు. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 3 అంగుళాలు. నాలుగు సిలిండర్లకి 747.5 సీసీ. 750 సీసీ తరగతిలో పరుగెత్తాలంటే మిగిలిన జాగా రెండున్నర సీసీయే. మామూలు మెకానిక్కులు అరిగిన బోరుని 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెంచేస్తారు. అలా చేస్తే 761 సీసీ అవుతుంది, బండి తరగతి దాటిపోతుంది. 55.97 మిల్లీమీటర్లు దాటకూడదు. కాబట్టి అరిగిన బ్లాకుకి లైనర్లు వేసి అసలు బోరుకే తేవాలి, ఖర్చయినా సరే. ఇదే 750 సీసీ తరగతిలో 1931 ఫిబ్రవరిలో జార్జ్ ఐస్టన్ ఎం.జి. కారుతో గంటకి 100 మైళ్లు దాటాడు. అదే నెలలో మాల్కమ్ క్యాంప్‌బెల్ డేటోనా ఇసుక మీద ఆస్టిన్ సెవెన్‌తో 94 మైళ్లు తీశాడు. ఆ రెండూ సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పంపు) ఉన్నవి. మాది లేనిది, లక్ష్యం 80 మైళ్లు, అంటే 128 కిలోమీటర్లు.

కంప్రెషన్ నిష్పత్తి మొదట్లో 5కి కూడా లేదు. ఒక్కో సిలిండరు 186.9 సీసీ, దానికి 6.5 కంప్రెషన్ కావాలంటే గాస్కెట్ మందంతో కలిపి దహనగది 34 సీసీ ఉండాలి. హెడ్డుని తిరగేసి, మధ్యలో చిల్లు ఉన్న యాక్రిలిక్ పలకని గ్రీజుతో అంటించి, సిరంజితో కిరోసిన్ పోసి నాలుగూ కొలవాలి. నాలుగింటి మధ్య అర సీసీ కంటే తేడా ఉంటే పెద్ద గదికి సరిపోయేలా మిగతావి గీరాలి. 7 దాటించాలని ఆశపడొద్దు. ఇది సైడ్ వాల్వు ఇంజను. వాల్వుల మీది గది నుంచి బోరులోకి గాలి వెళ్లే దారి అక్కడ ఇరుకైపోతుంది, కంప్రెషన్‌లో వచ్చిన లాభం ఊపిరిలో పోతుంది. హెడ్డు స్టడ్లు మధ్య నుంచి బయటికి మూడు విడతల్లో, 18 నుంచి 20 పౌండ్-అడుగుల వరకే బిగించాలి. మించితే బ్లాకులోని మరలు ఊడి వస్తాయి.

అన్నిటికంటే భయపడాల్సింది క్రాంకు గురించి, అంటే పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు గురించి. ఈ పాత క్రాంకుకి రెండు బేరింగులే, మధ్యలో ఆధారం లేదు. నిమిషానికి 5,000 తిరుగుళ్లు దాటితే అది తాడులా ఊగుతుంది. ఎక్కువగా విరిగేది జర్నల్ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) పక్కనున్న సన్న మూలలో. ఇంజను కట్టకముందే క్రాంకుని శుభ్రంగా కడిగి, ఎర్ర రంగు చొచ్చుకుపోయే స్ప్రే కొట్టి, 15 నిమిషాలు ఉంచి తుడిచి, తెల్ల స్ప్రే కొట్టాలి. తెలుపు మీద వెంట్రుకంత ఎర్ర గీత కనిపించినా ఆ క్రాంకుని పక్కన పెట్టేయాలి. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందనుకోవడం బ్లాకుతో కూడా జూదమాడడమే.

పి.కోనవలస దగ్గర బండిని దించాం. బండి బరువు 480 కిలోలు. ఇద్దరు మనుషులు, రెండు 50 కిలోల బియ్యం బస్తాలు ఎక్కించాం. బస్తాలు ఎందుకంటే, ఖాళీ బండి ఎక్కుడులో కూడా గబగబా వేగం పుంజుకుంటుంది, మిక్చర్ సంగతి చెప్పే ప్లగ్గు రంగు తేలేంత సేపు ఇంజనుకి బరువు పడదు. 720 కిలోలతో, నూటికి ఏడు ఎక్కే రోడ్డు మీద, రెండో గేర్లో గంటకి 60 కిలోమీటర్ల దగ్గర ఈ ఇంజనుకి 18 గుర్రాల పని పడుతుంది. త్రాటిల్ పూర్తిగా నొక్కినా వేగం మెల్లగానే పెరుగుతుంది, ఇంజను 4,000 పైన నిలకడగా తిరుగుతుంది. రోడ్డు మీద ఎవరికీ ఇబ్బంది కాని వేగంలో పూర్తి భారం చూడాలంటే ఇదే దారి. వెనక జీపు ఇండికేటర్లు వేసుకుని రావాలి. రాయపూర్ లారీల రద్దీ పెరగకముందే పని ముగించాలి.

ముందు టాప్ గేర్లో, 2,300 దగ్గర, పూర్తి త్రాటిల్. ఇది వేగం కోసం కాదు, నాకింగ్ (సిలిండరులో మిక్చర్ అదుపు తప్పి పేలే చప్పుడు) వినడానికి. తక్కువ తిరుగుడు, పూర్తి భారం ఉన్నప్పుడే అది పుడుతుంది. బ్లాకుకి బిగించిన రాగి గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుంటే, గాజుసీసాలో గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తుంది. టైమింగ్, అంటే పిస్టను పై కొసకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు అంటించాలో అది, 28 డిగ్రీలతో మొదలుపెట్టాం. రెండేసి డిగ్రీలు పెంచుకుంటూ పోతే 32 దగ్గర ఆ శబ్దం వచ్చింది, వెనక్కి తగ్గి 30 దగ్గర ఉంచాం. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటుని తెంపే పాయింట్ల గ్యాపు 12 థౌ. గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుతుంది. అందుకని ముందు గ్యాపు, తరువాతే టైమింగ్.

తరువాత రెండో గేరు, 12 సెకన్లు పూర్తి త్రాటిల్. త్రాటిల్ వదలకుండానే ఒకే క్షణంలో క్లచ్ నొక్కి ఇగ్నిషన్ ఆపాలి, పక్కకి ఆపి ప్లగ్గులు విప్పాలి. ఐడ్లింగ్‌లోకి రానిస్తే ఆ మసి అంతకుముందు రంగుని కప్పేస్తుంది, అంత శ్రమా వృథా. ప్లగ్గు మూతి చూసి సరిపెట్టుకోకూడదు. పింగాణీ లోపల, ఇనుము కలిసే చోట ఉండే సన్నటి ఉంగరమే పూర్తి త్రాటిల్ మిక్చర్ సంగతి చెబుతుంది. భూతద్దం కావాలి.

మూడో ఎక్కుడులో ఇంజను తుమ్మడం మొదలెట్టింది. ఇలాంటప్పుడు పెట్రోలు లోపమా, కరెంటు లోపమా అని తేల్చుకోవడానికి చౌక్ కొద్దిగా లాగితే చాలు. కుదుటపడితే పెట్రోలు అందడం లేదు, మారకపోతే కండెన్సరో కాయిలో. మాకు చౌక్‌తో కుదుటపడింది. పెట్రోలు గొట్టం ఎగ్జాస్టుకి రెండంగుళాల దూరంలో పోతోంది, వేడికి లోపల ఆవిరి కట్టింది. గొట్టాన్ని ఛాసిస్ బయటి వైపుకి వంచి కట్టాక మళ్లీ రాలేదు. నీళ్ల సంగతి కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. ఈ ఇంజనుకి నీటి పంపు లేదు, వేడి నీరు పైకి, చల్లనిది కిందికి దానంతటదే తిరుగుతుంది. రేడియేటర్‌లో ప్రెషర్ లేదు కాబట్టి 900 మీటర్ల ఎత్తున నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి.

సుంకి, పొట్టంగి దాటి సెమిలిగుడలో బస. ఇక్కడ హోటళ్లలో, బంకుల్లో తెలుగు మాట్లాడితే తెలుగులోనే జవాబు వస్తుంది. పొద్దున్నే 13 డిగ్రీల చలి. బారోమీటర్ 910 మిల్లీబార్లు. ఇక్కడే జెట్ల పని మొదలైంది.

సోలెక్స్ జెట్టు మీది అంకె చిల్లు వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 24 మిల్లీమీటర్ల వెంచురీకి (కార్బురేటర్‌లో గాలి వెళ్లే ఇరుకు గొంతు) మొదటి అంచనా అయిదు రెట్లు, అంటే 120. అది వట్టి పెట్రోలు లెక్క. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, లీటర్లలో కొలిస్తే ఈ కలిపిన పెట్రోలు 7 శాతం ఎక్కువ పోయాలి. చిల్లు వైశాల్యం 7 శాతం పెరగాలంటే వ్యాసం మూడున్నర శాతం పెరగాలి. అందుకే విజయనగరంలో 125తో కుదిరింది. సెమిలిగుడలో లెక్క ప్రకారం 122.5 రావాలి. ఎగ్జాస్టులో బిగించిన ఆక్సిజన్ సెన్సార్ 125తో లామ్డా (పెట్రోలంతా మండడానికి కావలసిన గాలిలో అందినది ఎంతో చెప్పే అంకె, 1 కంటే తక్కువైతే చిక్కన) 0.84 చూపింది, 122.5తో 0.87. పూర్తి త్రాటిల్‌కి కావలసింది 0.86 నుంచి 0.88. లామ్డాలోనే చదవాలి. గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెని నమ్ముకుంటే ఇథనాల్ కలిసినప్పుడు మోసపోతాం. ఇంకో జాగ్రత్త: పాత కార్బురేటర్లలో లక్క పూసిన కార్కు ఫ్లోటు ఉంటే మార్చేయాలి. లక్క ఇథనాల్‌లో కరుగుతుంది, ఫ్లోటు పెట్రోలు పీల్చి మునుగుతుంది, కార్బురేటర్ పొంగుతుంది. కారణం తెలియక జెట్లు మార్చుకుంటూ కూర్చుంటాం.

మూడో రోజు దేవమాలి దారి పట్టాం. ఒడిశాలో ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు, దాదాపు పై దాకా బండి వెళ్తుంది. మాకు శిఖరంతో పని లేదు. బారోమీటర్ 870 చూపిన చోట ఆగాం. ఉప్పు మైదానం ఎత్తులో గాలి అదే. మధ్యాహ్నం 22 డిగ్రీలు. కింద చోడి చేలు కోతకొచ్చి ఎర్రగా ఉన్నాయి, మా కళ్లు మాత్రం ప్లగ్గుల మీదే. లెక్క 120.6 అంది, 120 జెట్టుతో లామ్డా 0.88 వచ్చింది. టైమింగ్ 32కి పెంచినా నాకింగ్ లేదు. సిలిండరులోకి వచ్చే గాలి తగ్గితే మంట నెమ్మదిస్తుంది, రెండు డిగ్రీలు ముందే అంటించాలి.

పలచటి గాలిలో బలం తగ్గుతుందని చాలామంది దిగులుపడతారు. గాలి అడ్డు కూడా అంతే తగ్గుతుంది కదా! సూపర్‌చార్జర్ లేని ఇంజనుకి రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. మిగిలే నష్టం చక్రాల ఈడ్పు, ఇంజను లోపలి రాపిడి. అందుకే గేరు మార్చలేదు. 4.9 నిష్పత్తి ఉన్న వెనక యాక్సిల్, 2.1 మీటర్ల చుట్టుకొలత టైరుతో 5,000 తిరుగుళ్లకి 128 కిలోమీటర్లు. ఉప్పు మీద చక్రం జారడానికి 5 శాతం తీసేస్తే 122. క్రాంకుని 5,000 దాటించకుండా ఆ ఆరు తిరిగి రావాలంటే 4.9 కంటే తక్కువ నిష్పత్తి ఉన్న యాక్సిల్ కావాలి, అది దొరికేదాకా ఆగాలి.

దిగేటప్పుడు బండి మినీ లారీ మీదే. 1930ల నాటి బ్రేకులతో ఘాటీ దిగకూడదు. పైగా త్రాటిల్ మూసి దిగితే వాల్వు గైడ్లలోంచి నూనె లోపలికి లాక్కుని ప్లగ్గులు నల్లబడతాయి.

జయపురం సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. మూడో ఎత్తున చివరి పరీక్ష అక్కడే చేశాం. ప్లగ్గుల్లో 1, 2 సమంగా ఉన్నాయి, 3, 4 రెండూ తెల్లగా ఉన్నాయి, అంటే అక్కడ మిక్చర్ పలచన. సెన్సార్ మాత్రం సరిగానే ఉందంటోంది. అది నాలుగింటి సగటు చెబుతుంది మరి. ఈ బ్లాకులో 1, 2లకి ఒక ఇన్లెట్ దారి, 3, 4లకి ఇంకోటి. ఒక్క ప్లగ్గే తెల్లబడితే వాల్వో ప్లగ్గో అనుమానించాలి. జత జతగా తెల్లబడితే ఆ దారి అతుకులో గాలి దూరుతున్నట్టే. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, అతుకు చుట్టూ సిరంజితో నూనె చుక్కలు వేశాం. వెనక అతుకు దగ్గర నూనెని లోపలికి లాక్కుంది, ఐడ్లింగ్ మారింది.

అక్కడి లేత్ షాపు మేస్త్రి మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి బ్లాకుకి వెళ్లే గొట్టం) మొహం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ఫీలర్ గేజ్ దూర్చి, "ఎనిమిది థౌ వొంగిపోనాది బాబూ, గాస్కెట్ ఏటి సేస్తాది" అన్నాడు. మిషను మీద పెట్టలేదు. మందపాటి గాజు పలక మీద 220 ఎమెరీ కాగితం అంటించి, కిరోసిన్ తడుపుతూ, ఎనిమిది అంకె ఆకారంలో ముప్పావు గంట రుద్దాడు. రెండు మొహాలూ ఒకే మట్టానికి వచ్చాయి. బిగించాక నాలుగు ప్లగ్గులూ ఒకే రంగు. 3, 4ల్లో దొంగగాలి ఆగింది కాబట్టి ముందు కొలిచిన లామ్డాలన్నీ కాస్త చిక్కన వైపుకి జరుగుతాయి. జయపురంలో 0.01 తేడా వచ్చింది. సెమిలిగుడ, దేవమాలి అంకెల్ని అదే మేరకి దిద్దుకున్నాం.

ఉప్పు మైదానంలో పెట్రోలు తరగతుల వాళ్లు అక్కడ అమ్మే పెట్రోలే పోయించుకోవాలి, ట్యాంకుకి సీలు వేస్తారు. అందులో మన బంకు ఇథనాల్ లెక్క ఉండదు. దేవమాలి 120 నుంచి ఇథనాల్ వాటా, పరుగు జరిగే ఆగస్టు ఎండ వాటా తీసేస్తే 115 దగ్గర తేలింది. పెట్టెలో మొదటి జెట్టు 117.5, రెండోది 115. మొదటి పరుగు చిక్కన వైపుకే తీయాలి. చిక్కనైతే పోయేది ఒకటి రెండు మైళ్ల వేగం, పలచనైతే పిస్టను కరుగుతుంది.