జమ వైపు రాసిన ఊపిరి

2006 సెప్టెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున మంచం దిగబోతే నా అరికాళ్లకు నేల తగిలినట్టే అనిపించలేదు. ఏలూరులో అధ్యాపకుడిగా పనిచేస్తున్న నేను రెండు రోజుల సెలవు మీద తాడేపల్లిగూడెం దగ్గరలోని మా ఊరికి వచ్చి ఉన్నాను. అంతకు పది పన్నెండు రోజుల క్రితం విరేచనాలతో మంచం పట్టి లేచినవాణ్ణి కనుక, ఇంకా నీరసం తీరలేదని అనుకున్నాను. మొదట చూపించుకున్న చోట ఒంట్లో ఉప్పు తగ్గిందని చెప్పి, సెలైన్ ఎక్కించి, బలానికి సూది వేసి పంపేశారు. అలా రెండు రోజులు పోయాయి. మూడో నాటికి మోకాళ్లు మడతపడిపోయాయి, నాలుగో నాడు చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి వేళ్లు రాలేదు. అది చూసిన నాన్నగారు ఇంకెవరినీ అడగకుండా నన్ను రెండు చేతులతో ఎత్తి కారులో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకువెళ్లారు. ఆయనకు అప్పటికి 58 ఏళ్లు. కొవ్వూరు నుంచి రోడ్డు కం రైలు వంతెన ఎక్కిన ప్రతిసారీ దాని కట్టుబడి గురించి ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేని మనిషి, ఆ రోజు అవతలి గట్టు వచ్చేదాకా నోరు విప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద, మడమల వెనుక తట్టారు. కాలు కదలలేదు. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రోటీను పెరిగి ఉంది, కణాలు మాత్రం పెరగలేదు. అది గులియన్ బారే సిండ్రోమ్ అని, పేగుల్లో చేరిన క్రిమి మీదికి శరీరం సిద్ధం చేసుకున్న రక్షణ బలగం పొరబాటున సొంత నరాల మీదికే తిరగబడుతుందని, కాళ్ల నుంచి మొదలై పైకి పాకుతూ ఛాతీ దాకా వస్తే ఊపిరి కష్టమవుతుందని ఆయన ఓపికగా వివరించారు. నాన్నగారు ఒక్కటే అడిగారు: "పైకి వస్తోందో లేదో మాకెలా తెలుస్తుందండీ?"

దానికి డాక్టరుగారు చెప్పిన పద్ధతి చాలా సులువైనది. గట్టిగా గాలి పీల్చుకుని, మధ్యలో మళ్లీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఆరోగ్యవంతుడు నలభై, యాభై దాకా వెళ్లగలడు. పదిహేనుకు దిగజారుతోందంటే గొట్టం వేసి వెంటిలేటరు పెట్టే వేళ దగ్గరపడిందని అర్థం.

మొదటి రోజు 34 వచ్చింది. ఆ సాయంత్రానికి 27. మర్నాడు 21. నాన్నగారు మంచం పక్క స్టూలు మీద కూర్చుని, నేను అంకె పలుకుతుంటే తానూ శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ, నేను ఆగిన చోట ఆగి, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి చిట్టా పుస్తకంలో రాసుకునేవారు. మా రైసు మిల్లు గుమాస్తా దగ్గర ఉండే రకం, ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం అది. మూడో రోజు రాత్రి 17 దగ్గర ఆగిపోయాను. అప్పటికి ముఖంలోని కండరాలు కూడా సడలి, నిద్రలో సైతం రెప్పలు పూర్తిగా మూతపడక, అమ్మ తడిగుడ్డ వేసి నా కళ్లను కాపాడుతోంది. నాన్నగారు 17 అని రాసి, పుస్తకం మూసి, "పర్లేదురా, రేపు మళ్లీ చూద్దాం" అన్నారు. ఆ గొంతులో బెదురు లేదు. ఆయన ఎంత భయపడ్డారో చాలా ఏళ్ల తరువాత అమ్మ చెబితే తెలిసింది.

దాతల రక్తం నుంచి తీసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు, నా బరువుకు మొత్తం 120 గ్రాములు, అయిదు రోజుల పాటు ఎక్కించాలన్నారు. అయిదు గ్రాముల సీసాలు ఇరవై నాలుగు. వాటి కోసం నాన్నగారు మిల్లు లారీని అమ్మేశారు. ఆ సంగతి కూడా నాకు ఇంటికి వచ్చాక, షెడ్డు ఖాళీగా కనిపించినప్పుడే తెలిసింది.

ఆ రాత్రులలోనే నాన్నగారి జీవితం నాకు తెలిసింది. అంతకుముందు మా ఇంట్లో దాని ప్రస్తావన ఉండేది కాదు. మా ఊరికి మాధవరం కూతవేటు దూరం. మిలటరీ మాధవరం అని పేరుపడిన ఆ ఊరి గాలి మా ఊళ్లోనూ వీచేది కనుక, 1966లో 18 ఏళ్లకే ఆయన సైన్యంలో చేరారు. బెంగళూరు అలసూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ కేంద్రంలో శిక్షణ పొంది, 1971 డిసెంబరు యుద్ధంలో తూర్పు సరిహద్దు దాటి వెళ్లిన దళాలకు దారులు, వంతెనలు వేసే పనిలో ఉన్నారు. పూర్వీ స్టార్ పతకం బీరువాలో అమ్మ పట్టుచీరల మడతల మధ్య ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని పండుగకు కొన్న బిళ్ల అనుకునేవాణ్ణి.

నిద్ర పట్టని నాకు ఆయన చెప్పినది యుద్ధం గెలిచిన కథ కాదు, చీకట్లో వంతెన వేయడం ఎలాగో చెప్పారు. దీపం వెలిగించకూడదు, గొంతెత్తకూడదు. పలకలు మోసే జట్టు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, లెక్క ముగిసిన చోట బరువు దించి, అదే లెక్కతో వెనక్కి రావాలి. లెక్క తప్పినవాడు నీళ్లలోకి పోతాడు. "కనపడనప్పుడు లెక్కే కన్నురా" అన్నారు ఒక రాత్రి. తన ముందు నడిచిన తమిళ కుర్రాడొకడు అలా పోయాడని చెప్పి, పేరు పలికి, చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ముప్పై అయిదేళ్లు ఆయన దాన్ని ఎవరి ముందూ పలకలేదు.

అంకె 17 దగ్గర రెండు రోజులు నిలిచింది. తరువాత 18, ఆ తరువాత 22. వెంటిలేటరు అవసరం రాలేదు.

1981లో సైన్యం నుంచి వచ్చిన రెండేళ్లకు ఆయన బ్యాంకు అప్పుతో చిన్న రైసు మిల్లు పెట్టారు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ రకం విడుదలై మా వైపు సార్వా చేలన్నీ దానితో నిండుతున్న రోజులవి. గింజ కొరికి తేమ చెప్పగలిగేవారు. అయినా రైతు ఎదుటే యంత్రం పెట్టి చూపి, కాటా మీద చెయ్యి వేయకుండా దూరంగా నిలబడేవారు. తరుగు పేరిట బస్తాకు ఇంతని కోసుకోవడం చుట్టుపక్కల మామూలైన కాలంలో ఆయన ఆ పని చేయలేదు కనుకే మిల్లు పెద్దగా పెరగలేదని నా అభిప్రాయం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మిల్లుకు తాళం వేసి, మోకులు పట్టుకుని ఆచంట వైపు పడవల మీద వెళ్లి, నాలుగు రోజుల తరువాత బురద బట్టలతో తిరిగి వచ్చారు. ఎంత పని ఉన్నా మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వచ్చి అమ్మతో కలిసే భోజనం చేసేవారు. పదిహేనేళ్లు ఆమెకు ఉత్తరాలే రాశానని, ఇక ఎదురుగా కూర్చుని తినాలని ఆయన చెప్పిన కారణం.

అక్టోబరు చివర ఇంటికి చేరాను. కాళ్లకు ఎముక, చర్మమే మిగిలాయి. పాదం ముందుభాగం పైకి లేవక బొటనవేలు నేలకు రాసుకునేది. ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాలకు నాన్నగారు మిల్లు కళ్లంలోనే ఏర్పాటు చేశారు. నడుము ఎత్తున రెండు సరుగుడు వాసాలు సమాంతరంగా బిగించి, వాటి మధ్య నన్ను నిలబెట్టి, ఎదురుగా వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టేవారు. చేతివేళ్ల కోసం ఒక తొట్టి నిండా ధాన్యం పోయించారు. మణికట్టు దాకా చేతులు గుచ్చి పిడికిలి బిగించి విప్పాలి. మొదట్లో గింజలు తగులుతున్నాయన్న స్పృహ కూడా లేదు. డిసెంబరులో ఒక ఉదయం ధాన్యం మొనలు వేళ్ల సందుల్లో సూదుల్లా గుచ్చుకున్నాయి. నేను అరిచాను. బస్తా మోస్తున్న హమాలీ ఒకాయన దాన్ని దించేసి పరుగెత్తుకు వచ్చాడు. నాన్నగారు మాత్రం తొట్టి పక్కన కూలబడి, నా చేతులను అందులోంచి బయటికి తీయనివ్వకుండా పట్టుకుని ఏడ్చారు.

తరువాతిది తొందరగానే జరిగింది. ఫిబ్రవరిలో ఒక కర్రతో మిల్లు దాకా నడిచాను, జూన్‌లో ఉద్యోగంలో చేరాను. ఎడమ పాదంలో కొంచెం బిగువు ఇప్పటికీ ఉంది.

నాన్నగారు 2019లో, 71వ ఏట, నిద్రలో పోయారు. పెద్దకర్మ అయ్యాక మిల్లు లెక్కలు చూడడానికి కూర్చున్నప్పుడు ఆ ఎర్ర అట్ట పుస్తకం దొరికింది. ఆసుపత్రి ఖర్చులు, సీసాల వెల, లారీ అమ్మిన సొమ్ము ఎక్కడివక్కడ ఉన్నాయి. నా ఊపిరి అంకెలన్నీ జమ వైపు రాశారు, 17తో సహా. కళ్లంలో వేసిన అడుగులు కూడా ఆ వైపే ఉన్నాయి. ఫిబ్రవరితో అవి ఆగిపోతాయనుకుని పేజీలు తిప్పాను. ఆగలేదు. నేను ఏలూరు వెళ్లిపోయాక రోజూ సాయంత్రం ఏడింటికి ఆయన ఫోను చేసి, వాన పడిందా, ఏం కూర వండుకున్నారు అని అడిగి పెట్టేసేవారు. వయసుతో వచ్చిన ముచ్చటనుకుని నేను పొడి మాటల్లో జవాబు చెప్పేవాణ్ణి. పుస్తకంలో తేదీల పక్కన, నాలుగేళ్ల పాటు, వంకర లేని అదే పెన్సిలు రాతలో ఉంది: "అబ్బాయితో మాట్లాడాను. గొంతు బాగుంది."